ఏ కాలానికి పొమ్మంటారు?

'పాకిస్తాన్ పొండి' అనే మాట మనకు కొత్త కాదు. పేరు వినగానే మనల్ని ఈ నేల మీంచి ఇంకో నేలకు పంపేసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు. దాని గురించి మన రచయితలు చాలా రాశారు, ఇంకా రాస్తారు. నేను చెప్పదల్చుకున్నది ఇంకో రకం పంపకం. ముస్లిం ఆడదాన్ని దేశంలోంచి పంపేది కొందరే. కాలంలోంచి మాత్రం అందరూ పంపేస్తారు. బుర్ఖా కనబడగానే 'ఇంకా ఏ కాలంలో ఉన్నారమ్మా మీరు' అంటారు బయటివాళ్లు. చదువనో, ఉద్యోగమనో, ఆస్తిలో వాటా అనో నోరు తెరిస్తే 'మన మజహబ్‌లో ఆడవాళ్లకి అన్నీ అప్పుడే ఇచ్చేశారు' అని పద్నాలుగు వందల ఏళ్ల వెనక్కి వేలు చూపిస్తారు ఇంట్లోవాళ్లు. ఇద్దరికీ ఒక్క విషయంలో ఏకాభిప్రాయం. మేం ఉండాల్సింది ఇవాళ్టిలో కాదు.

సరే, పోదాం. తెలుగు మాట్లాడే ముస్లిం ఆడది గడిచిన కాలాల్లోంచి ఒకటి ఏరుకోవాల్సివస్తే ఏది ఏరుకోవాలి? దీనికి ఒక షరతు పెడుతున్నాను. కాలాన్ని ఏరుకోవచ్చు, ఇంటిని ఏరుకోవడానికి వీల్లేదు. ఏ ఇంట్లో ఎవరి కడుపున పుడతామో తెలీకుండానే వెళ్లాలి. మామూలుగా ఈ ఆట ఆడేవాళ్లంతా రాణిగానే పుడతామనుకుంటారు. నీళ్లు మోసే భిస్తీ పెళ్లాంగా పుడతామని ఎవరూ అనుకోరు.

మా పొరుగువాళ్ల లెక్కలో ఈ దేశపు ఆడవాళ్లకి మంచికాలం వేదకాలం. గార్గి, మైత్రేయి పేర్లు మేమూ స్కూలు పుస్తకాల్లోనే చదువుకున్నాం. మంచి పేర్లే. ఆ కథలో తర్వాతి వాక్యం దగ్గర మాకు ముల్లు గుచ్చుకుంటుంది. తురకలు వచ్చారు, వాళ్ల భయానికి ఆడవాళ్లు ఇళ్లలో దాక్కున్నారు, పర్దా వచ్చింది, బాల్యవివాహాలు వచ్చాయి. క్లాసులో టీచరు ఈ ముక్క చదివినప్పుడు మొహాలన్నీ ఒక్కసారి వెనక బెంచీలో ఉన్న సాయిబుల పిల్ల వైపు తిరుగుతాయి. తురకలు రాకముందు ఎన్నో వందల ఏళ్ల కిందట మనుస్మృతి రాసిందెవరని ఆ పిల్ల అడగలేదు. ఆ వయసుకి దాని పేరు కూడా తెలీదు. తెలుగునాట గొప్పింటి ఆడవాళ్లకి ఘోషా ఉండేది. విశాఖపట్నంలో విక్టోరియా ఆసుపత్రిని జనం ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. ఆ ఘోషా ఒక్క మతానిది కాదు, పరువుది, ఆస్తిది. ఏకిన దూదిని పరుపుల్లోకి కూరి కుట్టే ఆడది, గాజుల మలారం ఎత్తుకుని ఊరూరా తిరిగే ఆడది, బీడీలు చుట్టే ఆడది ఏ కాలంలోనూ పర్దాలో లేదు. అన్నం దొరకాలంటే బయటికి రావాలి కదా.

ఇక మనవాళ్ల లెక్క. సుల్తానుల కాలం అనగానే రజియా పేరు చెప్తారు. 1236లో ఢిల్లీ గద్దెనెక్కింది, 1240లో చంపేశారు. నాలుగేళ్లు. ఆమె కాలంలోనే ఉన్న చరిత్రకారుడు మిన్‌హాజ్ ఆమెలో రాజుకుండాల్సిన గుణాలన్నీ ఉన్నాయని మెచ్చుకుని, మగవాడిగా పుట్టలేదు గనక అవన్నీ ఎందుకూ కొరగాలేదని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు నాకు చాలా దగ్గరగా వినిపిస్తుంది. 'బాగా చదువుతుంది, మగపిల్లాడైతేనా' అని మన ఇళ్లలో అనే మాట అదే.

మన దగ్గర హయాత్ బక్షీ బేగం ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా కూతురు. 1626లో పన్నెండేళ్ల కొడుకు అబ్దుల్లా గద్దెనెక్కితే వెనక ఉండి రాజ్యం నడిపింది. 1656లో ఔరంగజేబు గోల్కొండ మీదికి వస్తే తనే వెళ్లి సంధి మాట్లాడింది. హయత్‌నగర్ ఆమె పేరే. విజయవాడ బస్సుల్లో రోజూ ఆ పేరు కేకేస్తారు గానీ అదొక ఆడమనిషి పేరని ఎంతమందికి తెలుసో. గొప్ప మనిషే. కానీ నా షరతు గుర్తుంచుకోండి. ఆ గోల్కొండ రాజ్యంలోనే కృష్ణ ఒడ్డున కొల్లూరు వజ్రాల గని ఉండేది. ఫ్రాన్సు నుంచి వచ్చిన నగల వర్తకుడు తావెర్నియే అక్కడ 60,000 మంది పనిచేస్తున్నారని రాశాడు. మగవాళ్లు తవ్వుతారు, ఆడవాళ్లూ పిల్లలూ మట్టి మోస్తారు. రాణి ఒక్కతి, మట్టి మోసేవాళ్లు వేలు. కళ్లు మూసుకుని ఆ కాలంలోకి దూకితే నేనెక్కడ పడతాను? కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ల కింద ఉంది. మట్టి మోసిన ఆడవాళ్ల పేరు మీద ఒక బస్టాపు కూడా లేదు.

పోనీ రాణిగానే పుట్టామనుకుందాం. ముంతాజ్ మహల్ కంటే ఎక్కువ ప్రేమ ఎవరికి దొరికింది? 1631లో బుర్హాన్‌పూర్‌లో, పద్నాలుగో కాన్పులో చనిపోయింది. జనం జంటగా నిలబడి ఫోటోలు దిగే తాజ్‌మహల్ ఒక బాలింత సమాధి. గడిచిన కాలాల గురించి మగవాళ్లు మాట్లాడేటప్పుడు ఈ కాన్పు మాట ఎప్పుడూ రాదు. కవిత్వం వస్తుంది, బిర్యానీ వస్తుంది, తహజీబ్ వస్తుంది. ఆడదానికి మాత్రం ముందు తట్టేది అదే. మంత్రసాని తప్ప ఎవరూ లేని గదిలో ఎన్నిసార్లు చావు దాకా వెళ్లి రావాలి అని.

ఇన్ని కాలాల్లో నన్ను నిజంగా ఊరించేది మహ్‌లఖా బాయి చందా కాలం. 1768లో పుట్టింది, 1824లో పోయింది. హైదరాబాదులో ఉర్దూ గజళ్లు రాసి, సొంత దీవాన్ కూర్చుకున్న కవయిత్రి. గుర్రపుస్వారీ తెలుసు, నిజాముల దర్బారులో మాట చెల్లేది, జాగీర్లు ఉండేవి. ఇప్పుడు ఉస్మానియా యూనివర్సిటీ ఉన్న చుట్టుపక్కల నేల ఒకప్పుడు ఆమె జాగీరే అంటారు. మౌలాలి గుట్ట కింద తల్లికి సమాధి కట్టించి, తనూ అక్కడే పడుకుంది. ఇంత ఆస్తి, ఇంత చదువు, ఇంత కలం స్వేచ్ఛ ఉన్న ఆడది ఆ రోజుల్లో ఎవరికీ భార్య కాదు. ఆమె తవాయఫ్. ఈ ముక్క దగ్గరికి రాగానే మన పెద్దలు గొంతు తగ్గిస్తారు. ఆమె కవిత్వం కావాలి, ఆమె పేరు చెప్పుకుని గర్వపడాలి, ఇంట్లో ఆడపిల్లకి మాత్రం ఆమె ఎవరో చెప్పకూడదు. అదే ఊళ్లో అదే కాలంలో షరీఫుల ఇళ్లలో ఉన్న ఆడవాళ్లలో ఎంతమందికి అక్షరం వచ్చు? వచ్చినా రాసినది దాచినవాళ్లెవరు? పరువు కావాలంటే కలం వదులుకోవాలి, కలం కావాలంటే పరువు వదులుకోవాలి అని బేరం పెట్టిన కాలం నాకు వద్దు. బేరానికి ఒప్పుకుని కలం తీసుకున్న ఆ మనిషికి మాత్రం సలాం చేస్తాను.

నిజాం కాలం గురించి ఎక్కువ చెప్పను. పాత షహర్‌లో ఆ రోజుల కోసం నిట్టూర్చే పెద్దవాళ్లున్నారు. దేవిడీలు గుర్తొస్తాయి వాళ్లకి. ఊళ్లలో ఉన్న తెలుగు ముస్లింలకు దేవిడీలు లేవు. రాజుగారి మతం మాదే గనక రాజ్యం మాదేనని మాకు ఎవరూ చెప్పలేదు, మా గుడిసె మీద తాటాకు కూడా మార్చలేదు. రాజ్యం పోయినప్పుడు మాత్రం అది మాదని గుర్తుచేశారు. 1948 సెప్టెంబర్ 13 నుంచి 17 దాకా అయిదు రోజుల్లో పోలీస్ చర్య ముగిసింది. ఆ తర్వాత జరిగిన చావుల గురించి సుందర్‌లాల్ కమిటీ 27,000 నుంచి 40,000 దాకా అంచనా వేసింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లో మరీ ఎక్కువ. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. అందులో ఆడవాళ్ల మీద జరిగినవీ ఉన్నాయి. రాజు ఓడిపోయి పెన్షన్‌తో రాజభవనంలోనే ఉన్నాడు. ఆయన పాలనలో ఏ వాటా లేని ఆడవాళ్లు ఆయన ఓటమిలో వాటా పంచుకున్నారు.

వెనక్కి చూడమంటే ముందుకి చూసిన మనిషి ఒకామె ఉంది. బెంగాల్‌లో పుట్టిన రొకేయా సఖావత్ హుసేన్. 1905లో మద్రాసు నుంచి వచ్చే ఇంగ్లీషు ఆడవాళ్ల పత్రికలో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ రాసింది. అందులో మగవాళ్లు మర్దానాలో ఉంటారు, ఆడవాళ్లు బయట తిరుగుతూ సూర్యుడి వేడితో వంట చేసి, ఆ వేడితోనే యుద్ధం గెలుస్తారు. చదివి నవ్వుకున్నాం, నవ్విన తర్వాత నవ్వు ఆగిపోయింది. బతకడానికి ఒక కాలం కావాల్సివస్తే ఉన్నవాటిలో ఏదీ పనికిరాక కొత్తది కట్టుకోవాల్సి వచ్చిందామెకు. కట్టుకుని ఊరుకోలేదు, 1911లో కలకత్తాలో ఆడపిల్లలకి బడి పెట్టింది. ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పంపమని అడిగింది.

ఇప్పుడు మదీనా. ముస్లింగా పుట్టిన ఆడది ఈ ప్రశ్నకి జవాబు చెప్తూ మదీనా మాట ఎత్తకుండా తప్పించుకోలేదు. నాకు తప్పించుకోవాలనీ లేదు. ఖదీజా వ్యాపారం చేసింది, తనే పెళ్లి మాట కదిపింది. ఆయేషా చెప్పిన హదీసులు రెండువేలకు పైగా ఉన్నాయి. మగవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి నేర్చుకున్నారు. కూతురికి ఆస్తిలో వాటా ఏడో శతాబ్దంలో వచ్చింది. కొడుకు వాటాలో సగం, నిజమే. ఇంగ్లండులో పెళ్లయిన ఆడది సొంతంగా ఆస్తి ఉంచుకునే చట్టం పూర్తిగా వచ్చింది 1882లో. మన రాష్ట్రంలో హిందూ ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇచ్చిన సవరణ 1986లో వచ్చింది. ఇవి చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు. అయితే నా షరతు మదీనాకీ వర్తిస్తుంది. అక్కడ బానిసగా పుడితే?

అప్పుడు బరీరాగా పుడతాను. బుఖారీ హదీసుల్లో ఉన్న మనిషి. బానిస. ఆయేషా ఆమెను విడిపించింది. ఆమె భర్త ముఘీస్ కూడా బానిసే. విడుదలైన తర్వాత ఆ పెళ్లిలో ఉండాలో వద్దో తేల్చుకునే హక్కు ఆమెకొచ్చింది. వద్దంది. ముఘీస్ మదీనా వీధుల్లో ఆమె వెంట ఏడుస్తూ తిరిగాడు, కన్నీళ్లు గడ్డం మీదుగా కారుతుండేవట. చూసి జాలిపడి ప్రవక్తే స్వయంగా ఆమెతో మళ్లీ అతని దగ్గరికి వెళ్లకూడదా అన్నారు. బరీరా ఒక్క ప్రశ్న వేసింది. ఇది మీ ఆజ్ఞా అని. ఆజ్ఞ కాదు, సిఫారసు మాత్రమే అన్నారాయన. అయితే నాకు అతనితో అవసరం లేదంది. అంతే. ఆమెను ఎవరూ కసరలేదు, ఎవరూ మతం తప్పిందనలేదు.

నిన్నటిదాకా అంగట్లో అమ్ముడుపోయే మనిషి. ఎదుట నిలబడింది ప్రవక్త. ఆజ్ఞకీ సలహాకీ తేడా అడిగి తెలుసుకుని, సలహాని కాదంది. ఆ కాలమంతా కావాలని నేననను. బానిసని విడిపించడం పుణ్యమని చెప్పిన కాలమే గానీ బానిసత్వమే లేని కాలం కాదది. ఆ ఒక్క ప్రశ్న అడగ్గలిగిన పూట మాత్రం కావాలి. ఎందుకంటే ఇవాళ మన బస్తీలో ఆడపిల్ల పుట్టింటికి తిరిగొస్తే, మామ సలహా ఆజ్ఞే, మౌల్వీసాబ్ సలహా ఆజ్ఞే, వీధి చివర పెద్దమనిషి సలహా కూడా ఆజ్ఞే. బరీరా కథ జుమ్మా బయాన్‌లో నేను వినలేదు. మా నానీ కూడా వినలేదు.

మదీనా అని రోజుకి పదిసార్లు చెప్పేవాళ్లు మదీనా ఇచ్చిన దాన్ని ఇస్తున్నారా అంటే అదీ లేదు. మెహర్ పెళ్లికొడుకు ఇవ్వాలి. అది కాగితం మీద ఉంటుంది. చేతులు మారేది జోడే కీ రఖం, పెళ్లికూతురి తండ్రి చేతిలోంచి. వాటా దగ్గరికొస్తే 'మాఫ్ చేసెయ్ బేటీ, భాయి ఇంటికి రాకపోకలు ఉండాలి కదా' అంటారు. 1937 షరియత్ చట్టం అన్నిటికీ షరియత్తే అని, వ్యవసాయ భూమిని మాత్రం వదిలేసింది. భూమి ఉన్నవాళ్లు అంత మాత్రం జాగ్రత్తపడ్డారు. మద్రాసు రాష్ట్రం 1949లో ఆ మినహాయింపు తీసేసింది. చట్టం మారింది గానీ పొలం గట్టు మీద అన్నదమ్ములు మారలేదు.

అటు ప్రభుత్వాలూ మమ్మల్ని కాలంలో ముందుకీ వెనక్కీ తోస్తూనే ఉన్నాయి. ఇండోర్‌కి చెందిన షాబానోకి హైకోర్టు వేసిన భరణం నెలకి 179 రూపాయల 20 పైసలు. 1985లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. 1986లో పార్లమెంటు వెనక్కి లాగింది. 2001లో డానియల్ లతీఫీ కేసులో కోర్టు ఆ చట్టాన్నే ఆడదానికి మేలు చేసేలా చదివింది. 2017లో ఒక్కసారి మూడు తలాఖ్‌లు చెల్లవని తీర్పొచ్చింది. మంచిదే. 2019లో అలా చెప్పినవాడికి మూడేళ్ల దాకా జైలన్నారు. వాడు జైల్లో ఉంటే పిల్లలకి అన్నం ఎవరు పెడతారన్నది ఇంటి ఆడదానికే వదిలేశారు. మమ్మల్ని ఉద్ధరించామన్న కాలంలోనే, 2022లో కర్ణాటకలో తలమీద గుడ్డ ఉందని ఆడపిల్లల్ని కాలేజీ గేటు దగ్గర ఆపేశారు. పరీక్షలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. తలమీద గుడ్డ వేసుకోమని ఇంట్లో చెప్పేవాడూ తియ్యమని గేటు దగ్గర చెప్పేవాడూ ఒకే ప్రశ్న దగ్గర తడబడతారు. ఇది నీ ఆజ్ఞా, సలహానా?

అయినా నేను ఏరుకునేది ఇవాళ్టినే. మసూమా బేగం 1952 ఎన్నికల్లో షాలిబండ నుంచి గెలిచి, 1960లో ఆంధ్రప్రదేశ్‌లో మంత్రి అయింది. ఆమెకి ఓటేసిన ఆడవాళ్లలో ఏ ఇంట పుట్టినవాళ్లయినా ఉండొచ్చు. అంతకుముందు ఏ కాలంలోనూ మట్టి మోసే ఆడదాని మాటకీ రాణి మాటకీ లెక్కలో ఒకే విలువ లేదు. ఆ విలువ పేపరు మీదే ఉందనేవాళ్లతో నాకు పేచీ లేదు. మెహర్ కూడా పేపరు మీదే ఉంది, పేపరుంటేనే అడగ్గలం.

పేపరంటే గుర్తొచ్చింది. నికానామాలో పెళ్లికూతురు షరతులు రాయించుకోవచ్చు. తలాఖ్ హక్కును భర్త భార్యకు అప్పగించే పద్ధతి ఒకటుంది, తఫ్వీజ్ అంటారు. మన ఫిఖ్‌హ్ పుస్తకాల్లో ఉన్నదే, ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు. మన ఊళ్లలో చాలా నికానామాలు ఉర్దూలో ఉంటాయి, సంతకం పెట్టే పిల్లకి తెలుగు మాత్రమే చదవడం వచ్చు. ఇద్దరు సాక్షులు గుమ్మంలో నిలబడి తొందరపెడుతుంటారు. సంతకానికి ముందు దాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగొచ్చు. షాదీఖానాలో అన్నం కాసేపు చల్లారుతుంది, చల్లారనీ.