పారేసే ముందు

ఇల్లు మారేటప్పుడు సగం సామాను వదిలించుకుంటే మనసు తేలికవుతుందనే మాట ఈ మధ్య బాగా వినిపిస్తోంది. మా స్టాఫ్ రూములోనూ అదే మాట. "ఏడాదిగా ముట్టుకోని వస్తువేదైనా పారెయ్యండి మేడమ్" అన్నారు తోటి టీచరు. జపాన్ రచయిత్రి మేరీ కోండో ఇంకో కొలత పెట్టింది. 2014లో ఇంగ్లీషులోకి వచ్చిన ఆమె పుస్తకం ఒక్కో వస్తువునూ చేతిలోకి తీసుకోమంటుంది. సంతోషం కలిగితే ఉంచుకోమంటుంది, లేకుంటే దణ్ణం పెట్టి సాగనంపమంటుంది.

సామాను ఎక్కువై ఊపిరాడనోళ్ళకు ఇది పనికొచ్చే సలహానే. కానీ ముట్టుకోనిది పారెయ్యమనే మాట మా చెవులకు ఇంకో రకంగా వినపడుతుంది. ముట్టుకోకూడదని ఊరి బయట పారేసిన మనుషులం మేం. ఏది పనికొచ్చేది, ఏది చెత్త అని తేల్చే అధికారం ఇన్నాళ్ళూ ఎవరి చేతిలో ఉంది?

బ్యాంకు అప్పుతో కట్టుకున్న ఇంట్లోకి వచ్చే నెల మారుతున్నాం. ఉద్యోగమొచ్చాక ఇది ఐదో ఇల్లు. ముందున్న నాలుగు అద్దె ఇళ్ళలో రెండింటిని మా అంతట మేం వదల్లేదు. "మీరేమిట్లు?" అన్న ప్రశ్నకు జవాబు తెలిశాక "మా అబ్బాయి వస్తున్నాడు, ఖాళీ చెయ్యండమ్మా" అన్నారు. అప్పుడు మా సామానుకు సంతోషం కొలత ఎవరు పెట్టారు? 1985 జూలై 17న కారంచేడు మాదిగపల్లె మీద దాడి చేసి ఆరుగుర్ని చంపారు. ప్రాణాలు అరచేత పట్టుకుని చీరాలకు పరుగెత్తినోళ్ళు ఏ వస్తువును ఎంచుకుని ఉంటారు? 1917లో అంబేద్కర్ విదేశం నించి తిరిగొస్తూ పుస్తకాలను వేరే ఓడలో పంపితే, ఆ ఓడ యుద్ధంలో మునిగిపోయింది. అదే ఏడు బరోడాలో కులం తెలిసి ఆయన్ని పార్సీ సత్రం నించి వెళ్ళగొట్టారు. అంత పోగొట్టుకున్న మనిషి 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టింది పుస్తకాలు పెట్టుకోవడానికే. చేతిలో ఉన్నోడు వదిలేస్తే త్యాగం. చేతిలోంచి లాక్కోబడ్డోళ్ళకు దాచుకోవడమే మొదటి హక్కు.

మా అటక మీద మూడు వస్తువులున్నాయి. నాయన చెప్పులు కుట్టిన ఆరె, తోలు కోసిన రంపె, నా హాస్టలు కంచం. కంచం అంచున మేకుతో కొట్టిన నంబరు నలభై ఏడు. ఆ హాస్టల్లో నన్ను పేరు పెట్టి పిలిచినోళ్ళు తక్కువ, నంబరుతో పిలిచినోళ్ళు ఎక్కువ. వీటిలో ఏదీ నాకు సంతోషం కలిగించదు. ఆరె పట్టుకుంటే నాయన వేళ్ళ మీది కాయలు గుర్తొస్తాయి. కంచం పట్టుకుంటే ఆకలి గుర్తొస్తుంది. అయినా ఇవే మా దస్తావేజులు. ఊళ్ళో ఆసాములకు పొలం కాగితాలున్నాయి, గోడ నిండా తాతల పటాలున్నాయి. మా తాతకు సెంటు భూమి లేదు. నాయనకు విడిగా ఒక్క ఫొటో లేదు.

అమ్మ మాత్రం ఒప్పుకోదు. "కొత్తింట్లోకి ఆ తోలు వాసనెందుకే అమ్మాయ్? అది వదిలించుకోవాలనేగా మీ నాయన నిన్ను బళ్ళో ఏసింది" అంటుంది.

అమ్మ మాటను తేలిగ్గా తీసెయ్యలేను. వదిలెయ్యడం కూడా మన పోరాటంలో ఉంది. 1927 మార్చిలో మహద్ సభలో అంబేద్కర్ చచ్చిన గొడ్డు మాంసం, పారేసిన ఎంగిలి మెతుకులు మానెయ్యమన్నాడు. హీనపరిచే చాకిరీ వదలమన్నాడు. మా నాయన కూడా వదిలాడు. కాబట్టి నేను తేల్చుకున్నది ఇది: వెట్టిని వదలాలి, వెట్టి చేయించుకున్నోళ్ళ మీద సాక్ష్యాన్ని వదలకూడదు. పని పోయింది. పనిముట్టు కూడా పోతే, రేపు మా పిల్లలకు "అట్లాంటిదేం జరగలేదు" అని చెప్పడం ఎవరికైనా సులువే.

ఇక ఇచ్చెయ్యాల్సినవి. "పాత బట్టలు పనిమనిషికిచ్చెయ్యండి, పుణ్యం" అంటారు. ఆ పుణ్యం ఎక్కడిదో చూడండి. మనుస్మృతి పదో అధ్యాయం శూద్రుడికి ఎంగిలి అన్నం, పాత బట్టలు, పాత ఇంటి సామాను ఇవ్వమంది. చండాలుడికి చచ్చినోళ్ళ బట్టలు, పగిలిన పాత్రలో కూడు రాసిపెట్టింది. నేను మూడో తరగతిలో వేసుకున్న పావడా మా ఆసామి కూతురిది. "అది నా పావడా" అని ఆ పిల్ల క్లాసులో అందరి ముందూ అంది. బట్ట నా ఒంటి మీదికొచ్చినా నాది కాలేదు. అందుకే మా ఇంట్లో నియమం పెట్టుకున్నాం. మా చెల్లికి ఇవ్వలేనిది ఎవరికీ ఇవ్వం. కావాలా అని ముందు అడుగుతాం. వద్దంటే చిన్నబుచ్చుకోం. ఇచ్చాక దాని మాట ఎత్తం.

నిజంగా చెత్తే అయినదాన్ని ఎవరు ఎత్తుతున్నారు? పొద్దున్నే మా వీధికి చెత్తబండి తోసుకొచ్చే ఆమెతో మాట కలిపితే, మా పక్కూరి మాదిగపల్లె పిల్లేనని తెలిసింది. నేను తేలికపడటానికి పారేసే ప్రతి కిలో ఆమె రెక్కల మీదికే పోతుంది. పగిలిన గాజును కాగితంలో చుట్టి, అట్ట డబ్బాలో పెట్టి, చెప్పి మరీ ఇస్తున్నాను. తడి, పొడి నేనే వేరు చేస్తున్నాను. ఇది దయ కాదు, నేను చేయాల్సిన నా పని. పనికొచ్చే ఇనుము, ప్లాస్టిక్ పాత సామాన్ల బండికి వేసేసరికి అమ్మే చీపురు పట్టుకుని మిగతాది ఊడ్చింది.

చదువుకుంటున్న తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! రేపు మీరూ ఇళ్ళు మారతారు. టౌనుకో, హైదరాబాదుకో పోతారు. పాత ట్రంకుపెట్టె చూసి సిగ్గనిపిస్తుంది. వదలబోయే ముందు రెండే ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే ఎవరి బతుకు చెరిగిపోతుంది? నేను పారేస్తే ఎవరు ఎత్తుతారు? ఈ రెంటికీ జవాబు చెప్పుకున్నాక పారేసింది పారేసినట్టు. బీరువా ఖాళీ అయితే మంచిదే.

కొత్తింటి ముందుగదిలో మేస్త్రీతో చెప్పి గోడకు మేకులు కొట్టిస్తున్నాను. నాయన పటం ఉండాల్సిన చోట ఆరె, రంపె వేలాడతాయి. అమ్మ ఇంకా ఒప్పుకోలేదు. ఆ వాదన కూడా కొత్తింట్లోకి మాతోపాటే వస్తుంది.