కోర్టు పరువూ, నిజమూ

ఒక తీర్పు తప్పని తేలే అవకాశం ఉన్నప్పుడు, ఆ తప్పు బయటపడితే న్యాయస్థానాల మీద ప్రజల విశ్వాసం సడలుతుందన్న భయంతో విచారణనే ఆపివేయవచ్చునా? ఇది ప్లీడర్లు మాత్రమే తేల్చుకోవలసిన విషయం కాదు, నీతికి సంబంధించిన ప్రశ్న. ఆపవచ్చునని బాహాటంగా సమాధానం చెప్పిన బ్రిటిష్ న్యాయమూర్తి ఒకడున్నాడు. ఆయన అనామకుడేమీ కాదు. మన దేశపు న్యాయవాదులు కూడా గౌరవంతో ఉదహరించే లార్డ్ డెన్నింగ్.

1974 నవంబరు 21 రాత్రి బర్మింగ్‌హాం నగరంలో రెండు పబ్బులలో బాంబులు పేలి 21 మంది చనిపోయారు. ఉత్తర ఐర్లండులో పుట్టి ఆ ఊళ్లో బ్రతుకుతున్న ఆరుగురిని పోలీసులు పట్టుకున్నారు. నలుగురు ఒప్పుకోలు కాగితాల మీద సంతకాలు చేశారు. కొట్టి చేయించారని కోర్టులో మొరపెట్టుకున్నారు. ఆ మొర ఎవరూ వినలేదు. 1975లో ఆరుగురికీ యావజ్జీవ శిక్ష పడింది. తరువాత వాళ్లు పోలీసుల మీద నష్టపరిహారం దావా వేశారు. అది 1980లో అప్పీలు కోర్టులో డెన్నింగ్ ముందుకు వచ్చింది.

ఆయన తర్కం ఇది. వీళ్లు ఓడిపోతే ఎందరిదో కాలమూ డబ్బూ వృథా. గెలిచారా, పోలీసులు హింసించినట్టు, అబద్ధపు సాక్ష్యం చెప్పినట్టు, శిక్షలే తప్పయినట్టు తేలుతుంది. అది తలచుకోవడానికే భయంకరమైన దృశ్యం. కాబట్టి దావా ముందుకు సాగరాదు. పాఠకులు గమనించాలి: దావాలో నిజం లేదన్నది ఇక్కడ వాదన కాదు. నిజమైతే ఏమవుతుందో చూచి, ఆ నిజం జోలికే పోవద్దంటున్నాడు. కొడుకు దొంగతనం బయటపడితే వంశం పరువు పోతుందని పాలేరు మీదనే దొంగముద్ర ఉంచేసే పెత్తందారును మనం ఎరుగుదుము. అతనికి ఇంత చక్కని ఇంగ్లీషు రాదు, అంతే తేడా.

తీర్పులకు ఎక్కడో ఒకచోట అంతం ఉండాలన్న సూత్రాన్ని నేను తేలికగా కొట్టివేయను. తేలిన వ్యవహారాన్ని ఎన్నిసార్లయినా తిరగదోడవచ్చునంటే లాభపడేది డబ్బున్నవాడే. కేసు గెలిచిన కౌలుదారును భూస్వామి పది కోర్టుల చుట్టూ తిప్పి నేలమట్టం చేయగలడు. ఆ మేరకు యీ సూత్రం పేదవాడికీ రక్షణే. ఐతే అది ఏ కేసులో ఎవరిని ఎవరి నుంచి కాపాడుతున్నదో చూడాలి. ఇక్కడ కాపాడినది ఖైదీలను కొట్టారన్న ఆరోపణకు గురైన పోలీసులను. ఆ ఆరోపణ నిజమో కాదో విచారించకుండానే!

1981లో ప్రభువుల సభ కూడా దావాను సాగనివ్వలేదు. 1988లో అప్పీలు కోర్టు శిక్షలను మళ్లీ ఖాయం చేసింది. 1991 మార్చి 14న అదే కోర్టు వాటిని రద్దు చేసింది. పోలీసుల సాక్ష్యమూ, చేతులకు పేలుడు పదార్థం అంటిందన్న పరీక్షా రెండూ నమ్మదగినవి కావని తేలింది. పదహారేళ్లు జైలులో గడిచిపోయాయి.

వీళ్లను ఉరితీసి ఉంటే విడుదల కోసం యీ ఆందోళనలేవీ ఉండేవి కావనీ, లోకం వాళ్లను మరచిపోయేదనీ కూడా డెన్నింగ్ అన్నాడు. మరి ఉరితీసిన మనిషిని లోకం మరచిందా?

1950 మార్చి 9న తిమోతీ ఎవాన్స్ అనే ఇరవై అయిదేళ్ల వ్యాన్ డ్రైవరును, ఏడాది దాటిన కన్నకూతురిని చంపాడని లండనులో ఉరితీశారు. చదవడం సరిగా రానివాడు. అతనూ పోలీసుల ముందు ఒప్పుకున్నాడు, తరువాత కాదన్నాడు. ప్రాసిక్యూషనుకు ముఖ్య సాక్షి అదే ఇంటి క్రింది అంతస్తులో కాపురమున్న జాన్ క్రిస్టీ. మూడేళ్లకు ఆ ఇంట్లోనే స్త్రీల శవాలు బయటపడ్డాయి. ఎవాన్స్ భార్యను తానే చంపానని క్రిస్టీ ఒప్పుకున్నాడు. ఐనా 1953లో ప్రభుత్వం జరిపించిన విచారణ ఎవాన్సే దోషి అని తేల్చింది. ఒకే ఇంట్లో, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా, గొంతు పిసికే హంతకులిద్దరు కాపురమున్నారని జనం నమ్మాలన్నమాట! తీర్పు నిలబడడానికి ఎంత అసంభవాన్నయినా మింగవచ్చు.

1966లో ఎవాన్సుకు రాణి పేర క్షమాభిక్ష ప్రసాదించారు. నేరం చేయనివాణ్ణి క్షమించడమేమిటి? తప్పు చేసినవాడు క్షమాపణ అడగాలి. ఇక్కడ తప్పు చేసిన రాజ్యం తానే క్షమించే స్థానంలో కూర్చున్నది. పైగా క్షమాభిక్షతో శిక్ష తొలగుతుంది గాని నేరనిర్ధారణ చెరిగిపోదు. దానిని చెరిపివేయాలని 2004లో అతని తోబుట్టువులు హైకోర్టుకు వెళ్లారు. ఎవాన్స్ భార్యను గాని బిడ్డను గాని చంపలేదని న్యాయమూర్తులు అంగీకరించారు. ఐతే ఆ పాత తీర్పును రద్దు చేయించడానికయ్యే ఖర్చూ శ్రమా సమర్థించదగినవి కావన్నారు. అర్జీ కొట్టివేశారు. కోర్టు రికార్డులో నేరనిర్ధారణ అట్లాగే ఉండిపోయింది.