తల్లీ, కంప్యూటరు పెట్టే ముందు

చిరంజీవి తల్లికి,

కొత్తవలసలో నీ క్లినిక్కుకి కంప్యూటరు పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. శుభం. అయితే పాత ఓపీ పుస్తకాలన్నీ ఎక్కించేద్దామన్న ఆత్రం మాత్రం వద్దు. ఎప్పటివో దగ్గులూ జలుబులూ ఎక్కించి ఎవరికి లాభం? నెలనెలా తిరిగొచ్చేవాళ్లతో మొదలుపెట్టు. సుగరు, బీపీ, ఫిట్సు, కిడ్నీ. కిడ్నీ జబ్బుల ఉద్దానం సంగతి నీకు నేను చెప్పాలా? కిడ్నీ మనిషికి ఇవాళ్టి క్రియాటినిన్ ఒక్కటే తెలిస్తే చాలదు. నిరుడెంత ఉండేది, ఎంత జోరుగా పెరుగుతోంది అన్నది కావాలి. సంచిలో కుక్కుకొచ్చిన చీటీల్లో ఆ వరస దొరకదు.

మన జంక్షన్‌కి ఎవరొస్తారో చూడు. అరకు వైపు నుంచి కిరండూల్ బండిలో వస్తారు, ఎస్.కోట నుంచి బస్సులో వస్తారు. నీ దగ్గర తగ్గకపోతే విశాఖ కేజీహెచ్‌కి పోతారు. అక్కడ డాక్టరు అడిగితే "ఏటో తెల్ల మాత్రలండి బాబూ, పొద్దునొకటి" అంటారు. నువ్వు రాసేటప్పుడు ఆ డాక్టరుని మనసులో పెట్టుకో. మందు అసలు పేరు, మోతాదు, ఒంటికి పడని మందు. ఈ మూడూ ఉంటే మిగతాది నెమ్మదిగా చూసుకోవచ్చు.

2021 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌ని దేశమంతటికీ తెచ్చారు కదా, అందులో రోగికో 14 అంకెల ఆభా నంబరుంది. రికార్డు నీ దగ్గరే ఉంటుంది, రోగి సరేనంటేనే ఇంకో ఆసుపత్రికి కనబడుతుంది. పద్ధతి బాగానే ఉంది. కానీ మనవైపు చాలా ఇళ్లలో ఫోను ఒక్కటే, అదీ కొడుకు చేతిలో. ఆ నంబరు కోసం ఓటీపీ చెప్పమని ముసలమ్మని కంగారుపెట్టకు, ఆభా తీసుకోవడం ఎవరిష్టం వాళ్లది. ఆడపిల్ల నీతో చెప్పుకున్న సంగతి అన్న ఫోనుకి మెసేజీగా పోయిందనుకో, ఇంకెప్పుడూ నీ గడప తొక్కదు. నంబరు ఎవరిదో ముందే అడుగు.

సాఫ్ట్‌వేరు కుర్రాడు వచ్చి రంగురంగుల గ్రాఫులు చూపిస్తాడు. చూడు, కాదనకు. చివర్లో ఒక్కటడుగు: "రేపు నేను మీది మానేస్తే, నా రికార్డులన్నీ ఇంకోదాన్లోకి ఎక్కేలా తీసిస్తావా?" నీళ్లు నమిలితే టీ ఇచ్చి పంపెయ్.

పేరు, వయసు, బరువు, బీపీ సిస్టరు చేత ఎక్కించు. సిస్టరుకో పాస్‌వర్డు, నీకో పాస్‌వర్డు. అద్దె తక్కువని ఊరి చివర గది తీసుకున్నావు, అక్కడ కరెంటు నిలకడ నాకు తెలుసు, ఇన్వర్టరు వేయించు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను కొట్టినప్పుడు కరెంటూ పోయింది, సెల్లు టవర్లూ పోయాయి. జబ్బులు మాత్రం ఆగలేదు. అచ్చువేసిన ఖాళీ ఓపీ కాగితాల కట్ట ఒకటి బీరువాలో ఉంచు. కరెంటు రాగానే వాటిని ఎవరు ఎక్కించాలో సిస్టరుతో ఇప్పుడే మాట్లాడుకో.

మీ మావయ్య