నీటి బుగ్గయొద్ద హాగరు

ధ్యాన భాగము: ఆదికాండము 16, 21 అధ్యాయములు



గర్భవతియైన హాగరు యజమానురాలి బాధకు తాళలేక అరణ్యములోనికి పారిపోయెను. దేవుని దూత నీటి బుగ్గయొద్ద ఆమెను కనుగొని, ఏ ఆజ్ఞయు ఇయ్యకమునుపే, ఆమె విడిచివచ్చిన చోటును గూర్చియు, పోవు త్రోవను గూర్చియు అడిగెను.

ఈ భాగమును మేము అనేక పర్యాయములు ప్రసంగించితిమి. అయినను, పూర్వము మేము పరిచర్య చేసిన యొక సంఘములో, ఒక సాయంకాలము ఒక సహోదరి మా అరుగు మెట్లమీద కూర్చుండి, "అయ్యగారండీ, కడుపు తీయించుకొంటే పాపమేనా?" అని అడిగినప్పుడు, అరగంటసేపు పాపమును గూర్చి బోధించితిమి. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని వినెను. ప్రార్థించి పంపివేసితిమి. ఏమి జరిగినదమ్మా అని ఒక్క మాట అడుగలేదు.

తరువాత మా యింటివారి వలన సంగతి తెలిసినది. ఆమెకు అప్పటికే ఇద్దరు ఆడపిల్లలు. పట్నములో దొంగచాటుగా స్కానింగు తీయించి, మూడవదియు ఆడపిల్లయే యని అత్తగారు నిశ్చయము చేసికొనెను. ప్రత్తి పంటకు తెచ్చిన అప్పు తీరక భర్త తలవంచుకొని యుండెను. ఆమె మా యొద్దకు వచ్చినది పాపమో కాదో తెలిసికొనుటకు కాదు. అది ఆమెకు తెలియును. మేము వెళ్లి అత్తగారితో ఒక మాట చెప్పుదుమని వచ్చినది.

గర్భఫలము దేవుని దానమని మనము నమ్ముచున్నాము. ఆ నమ్మికను తగ్గించి చెప్పము. అయితే ఆ నిర్ణయము ఆమె యొక్కతెదే యని ఎట్లు చెప్పగలము? 1991 జనాభా లెక్కలలో ఆరేండ్ల వరకు వయస్సుగల వెయ్యిమంది మగపిల్లలకు 945 మంది ఆడపిల్లలుండిరి. 2001లో 927 మంది. 2011 నాటికి 920 కంటె తక్కువ. కడుపులోని బిడ్డ ఆడో మగో తెలుపుటను 1994 చట్టము నిషేధించినను ఇట్లు జరిగినది. ఇది ఇతరుల యిండ్ల సంగతి యనుకొనవద్దు. కట్నము మన యిండ్లలోను లెక్కపెట్టుచున్నారు గదా!

పెండ్లికాని పిల్ల విషయములో సంఘమే ఆమెకు భయము. పిల్లను ప్రభు బల్లకు దూరము చేసి, పిల్లవానిని మాత్రము యథాప్రకారము తబలా వాయింపనిచ్చిన పెద్దలను మేమెరుగుదుము. మేమును వారిలో ఒకరముగా కూర్చుంటిమి. ఆ భయమే రాత్రివేళ నాటువైద్యుల యొద్దకు, చీటీ లేకుండ అమ్ము మాత్రల యొద్దకు త్రోవ చూపుచున్నది. 1971 చట్టమును, 2021లో దానికి చేసిన సవరణయు, నిర్ణీత కారణములపై, అర్హతగల వైద్యుని చేత 20 వారముల వరకును, కొన్ని సందర్భములలో 24 వారముల వరకును దీనికి అనుమతించుచున్నవి. పదునెనిమిదేండ్లు నిండిన స్త్రీకి తన సమ్మతియే చాలును, భర్త సంతకమును చట్టము కోరదు. ఆమె పేరు బయటపెట్టరాదు. ఇది ఈ పత్రికలో వ్రాయదగునా యని కొందరు పెద్దలు మాపై కోపించుదురు. రక్తము పోయి మరణించిన తల్లికి సమాధి ప్రార్థన చేయుటకు పిలువబడువారము మేమే గనుక వ్రాయుచున్నాము.

రెండవసారి హాగరు అరణ్యమునకు వచ్చినప్పుడు, తిత్తిలోని నీళ్లు అయిపోయిన తరువాతనే గదా పిల్లవానిని పొదక్రింద విడిచి దూరముగా కూర్చుండెను! ఆ తిత్తిని ఆమె భుజముమీద పెట్టి పంపినవాడు అబ్రాహాము. మందలును, వెండి బంగారములును విస్తారముగా గలవాడు. ఇచ్చినది కొంత రొట్టె, ఒక్క తిత్తి నీళ్లు.

ఆ సహోదరి పట్నమునకు పోయి తిరిగివచ్చినది. మేము ఆ ఊరు విడుచువరకు ప్రతి ఆదివారము ఆరాధనకు వచ్చుచునే యుండెను. ద్వారము ప్రక్కన చాపమీద కూర్చుండి, ప్రభు సంస్కారపు ఆదివారములయందు మేము రొట్టె పళ్లెము చేతికి తీసికొనకమునుపే లేచి బయటికి పోవుచుండెను.