మా పళ్ళ మధ్య సందు

మా ముగ్గురు అక్కాచెల్లెళ్ళకీ ముందుపళ్ళ మధ్య సందుంది. అమ్మకుంది. అమ్మమ్మకి ఉండేది. కనిగిరి తాలూకాలో మా దూదేకుల ఇళ్ళల్లో ఆడపిల్ల నవ్విందంటే ఎవరి బిడ్డో అడగక్కర్లేదు, ఆ సందే చెప్పేది. ఇంట్లో దాన్ని ఎవరూ లోపమనుకోలేదు. పళ్ళ మధ్య సందున్నది అదృష్టవంతురాలనేవాళ్ళు ఊళ్ళో. ఆ అదృష్టం ఎవరి తలుపు తట్టి పోయిందో గానీ మా యింటి దాకా రాలేదు.

పోయినేడు మాలో చిన్నది, నలభై ఒకటో యేట, పళ్ళకి క్లిప్పులు పెట్టించుకుంటానంది.

పళ్ళకి క్లిప్పులు పెట్టించుకోవడం గురించి రాయడానికి ఏముంది, అస్తిత్వం గురించి రాయమంటే నోరు తెరిచి పళ్ళు చూపిస్తారా అని మీరడగొచ్చు. మేం కూడా మొదట అలాగే అనుకున్నాం. కానీ ఆ మాట అన్న రాత్రి అమ్మ అన్నం తినలేదు. హైదరాబాద్ నుంచి పెద్దది ఫోన్లో హదీసు వినిపించింది. నడిపిది ఒకే ఒక్క మాటంది: "ఎవరి కోసమే?" నెల రోజులు మా మధ్య మాటలు సరిగ్గా నడవలేదు. ఇది మేం ముగ్గురం కూర్చుని రాస్తున్నాం. మాలో మేం ఒప్పుకోనివి కూడా ఇందులో ఉన్నాయి, కొట్టేయలేదు.

పెద్దది వినిపించింది కొట్టిపారేసే మాట కాదు. అబ్దుల్లా బిన్ మస్ఊద్ చెప్పిన ఆ హదీసు బుఖారీలోనూ ఉంది, ముస్లింలోనూ ఉంది. పచ్చబొట్లు పొడిచేవాళ్ళు, పొడిపించుకునేవాళ్ళు, ముఖం మీద వెంట్రుకలు పీకించుకునేవాళ్ళు, అందం కోసం పళ్ళ మధ్య సందు చేయించుకునేవాళ్ళు, అల్లా సృష్టిని మార్చే ఈ ఆడవాళ్ళందరి మీదా శాపం ఉంది అందులో. మేం మళ్ళీ మళ్ళీ చదువుకున్నాం. సందు పూడ్పించుకునేవాళ్ళు కాదు, సందు చేయించుకునేవాళ్ళు! ఆ కాలపు అరబ్బుల్లో సందే అందం. వయసు మళ్ళిన ఆడవాళ్ళు పడుచుగా కనబడాలని పళ్ళు అరగదీయించుకుని సందు పెట్టించుకునేవాళ్ళట, హదీసుకి వ్యాఖ్యానాలు రాసినవాళ్ళు చెప్పారు. అంటే మేం పుట్టుకతో తెచ్చుకున్నదాన్ని వాళ్ళు నొప్పి భరించి తెచ్చుకున్నారు. కాలమూ దేశమూ మారేసరికి మా చిన్నది నొప్పి భరించి దాన్ని పోగొట్టుకుంటానంటోంది.

ఇంకోటి కూడా దొరికింది మాకు. తిర్మిజీ కూర్చిన 'షమాయిల్'లో ప్రవక్త (స) రూపాన్ని వర్ణించే చోట ఆయన ముందుపళ్ళ మధ్య ఎడం ఉండేదని ఉంది. ఆయన మాట్లాడుతుంటే ఆ పళ్ళ మధ్య నుంచి వెలుగు వస్తున్నట్టుండేదని ఇబ్నె అబ్బాస్ చెప్పారట. ఇది చదివి వినిపిస్తే అమ్మ ఏడ్చింది. డెబ్బై దాటిన మనిషి, ఇన్నాళ్ళూ ఎన్ని వాజులు విన్నదో. శాపం సంగతి చాలాసార్లు చెప్పారు గానీ ఈ వెలుగు సంగతి ఒక్కరూ చెప్పలేదంది.

ఆ హదీసులోనే ఉన్న మరో ఆడమనిషిని కూడా మాకెవరూ చూపించలేదు. ఆమె పేరు ఉమ్మె యాఖూబ్, అసద్ తెగ మనిషి. ఈ శాపం మాట విని నేరుగా ఇబ్నె మస్ఊద్ దగ్గరికే వెళ్ళింది. నేను ఖురాన్ అట్ట నుంచి అట్ట దాకా చదివాను, మీరన్నది అందులో నాకు కనబడలేదేమని అడిగింది. ప్రవక్త ఇచ్చింది తీసుకోండి, వద్దన్నది మానుకోండి అనే ఆయత్ చదవలేదా అని ఆయన జవాబిచ్చారు. ఆమె అక్కడితో ఊరుకోలేదు. మీ ఇంటావిడ కూడా ఇలాంటివి చేస్తుందనుకుంటానంది. వెళ్ళి చూసుకోమన్నారాయన. వెళ్ళి చూసింది, అలాంటిదేమీ కనబడలేదు. ఆమె వాదన నెగ్గలేదు, నిజమే. కానీ ఆమెని నోర్మూసుకోమన్నవాడు లేడు. అడిగింది, జవాబు పుచ్చుకుంది, అనుమానం తీరక ఇల్లు కూడా చూసొచ్చింది. పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత మా వీధిలో ఒక ఆడమనిషి ఇమాం సాబుని ఇంత మాట అడగగలదా?

పెద్దలు చెప్పే దారి ఒకటుంది. అందం కోసమైతే కూడదు, ఐబ్ పోగొట్టుకోవడానికైతే కూడుతుంది. దానికి అర్ఫజా కథ చెబుతారు. ఇస్లాంకి ముందు జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు పోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే దుర్వాసన పట్టింది. ప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. మగవాళ్ళకి బంగారం కూడదన్న మతంలోనే! మనిషి నలుగురిలో తలెత్తుకు తిరగడం కోసం అంత పెద్ద నిషేధాన్నే సడలించిన దయ అది. పెద్దది ఈ కథ పట్టుకుని ఉపాయం కూడా చెప్పింది. "చిగుళ్ళు దెబ్బతిన్నాయి, డాక్టరు పెట్టించుకోమన్నాడని చెప్పవే. అప్పుడెవరూ కాదనరు."

డాక్టరమ్మ అలా అనలేదు. పెద్దవయసులో పళ్ళు కదిలించే ముందు చిగుళ్ళు చూడాలట, జబ్బుంటే ముందు అది నయం చేయాలట. చూసి, చిగుళ్ళు బాగానే ఉన్నాయి, ఈ సందు వల్ల మీకొచ్చే ప్రమాదమేమీ లేదు, వద్దనుకుంటే మానేయొచ్చు అంది. చిన్నది ఆ మాటే ఇంటికొచ్చి చెప్పింది. సృష్టిని మార్చిన పాపం నాకుంటే ఉండనీ, దాని మీద అబద్ధం పాపం కూడా ఎందుకే అంది. మా గొడవంతా అక్కడే ముడిపడింది. ఒక్క అబద్ధమాడితే అందరూ ఒప్పుకుంటారు. నిజం చెప్పినదాన్నే నిలదీశాం.

అసలు ఐబ్ అని ఎవరు తేలుస్తారు? మా తాలూకా నీళ్ళ సంగతే తీసుకోండి. ఫ్లోరైడు జబ్బు దేశంలో మొదట బయటపడింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. కనిగిరి అప్పుడు ఆ జిల్లాలోదే. ఆ నీళ్ళు తాగి పెరిగిన పిల్లలకి పళ్ళ మీద గోధుమరంగు చారలొస్తాయి, ఎంత తోమినా పోవు. పిప్పి పన్ను కాదు, నొప్పి లేదు, కానీ పెళ్ళిచూపుల్లో ఆ పిల్ల నోరు విప్పదు. నీళ్ళూ అల్లా సృష్టే, ఆ రాళ్ళలో ఫ్లోరైడూ అల్లా సృష్టే. ఆ చారలు చెరిపించుకుంటే పాపమని ఇంతవరకూ ఎవరూ అనలేదు. చెవులు కుట్టించారు మాకు, ముక్కు కుట్టించారు. అమ్మమ్మ ఏళ్ళ తరబడి మిస్సీ రాసి చిగుళ్ళు నల్లగా చేసుకుంది. అప్పుడెవరికీ గుర్తురాని సృష్టి ఇప్పుడెలా గుర్తొచ్చింది?

నవ్వుల సంగతి చెప్పాలి. సందున్న నోట్లో 'స' పలికితే ఈల వస్తుంది. బళ్ళో పద్యం అప్పజెప్పడానికి లేస్తే క్లాసు క్లాసంతా నవ్వేది. ఒక అయ్యవారు "తురకోళ్ళకి తెలుగేం తిరుగుతుందిలే, కూర్చో" అన్నాడు. మాకు తెలుగు తప్ప ఇంకోటి రాదు. మా జోలపాటలు తెలుగు, తిట్లు తెలుగు, దువా కూడా సగం తెలుగులోనే చేస్తాం. అదే పెద్దదాన్ని పాతబస్తీలో ఇస్తే అక్కడ అత్తగారి తరఫువాళ్ళు దాని ఉర్దూ విని నవ్వారు. తలఫ్ఫుజ్ సరిగ్గా లేదట, మీరు అసలు ముసల్మాన్లేనా అన్నారట. ఇక్కడ తెలుగువాళ్ళం కాకుండా పోయాం, అక్కడ ముస్లిములం కాకుండా పోయాం. రెండుచోట్లా నవ్విన వాళ్ళు మా నోటివంకే చూశారు. 1992 డిసెంబరు తర్వాత నడిపిదాన్ని దాని బెంచీ పిల్లే పాకిస్తాన్ ఎప్పుడు పోతారని అడిగింది, నవ్వుతూనే. అప్పట్నించీ మాకు నవ్వేటప్పుడు అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకోవడం అలవాటైంది. చూసినవాళ్ళు ముస్లిం ఆడవాళ్ళు కదా, పర్దా అనుకున్నారు. మెచ్చుకున్నవాళ్ళు కూడా ఉన్నారు.

కాబట్టి నడిపిది అడిగిన ప్రశ్న వట్టిది కాదు. ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' 1991లో వచ్చింది. పుట్టుకనే నేరంగా చూసే చూపు మీద తెలుగు ముస్లిం గొంతు విప్పిన పెద్ద కవిత అది. నడిపిది దాన్ని మాచేత చదివించింది. "పుట్టుకని దాచుకోనక్కర్లేదని నేర్చుకున్నదానివి, నవ్వినవాళ్ళ కోసం పుట్టుసందు పూడ్చుకుంటావా? రేపు పేరు మార్చుకోమంటారు. మార్చుకుంటావా?" అంది. దాని వాదనకి బలం కూడా ఉంది. పలువరుస ఎలా ఉండాలో శాస్త్రంగా రాసినవాడు ఎడ్వర్డ్ ఆంగిల్ అనే అమెరికన్. 1899లో ఆయన చేసిన వర్గీకరణ పళ్ళ డాక్టర్లు ఇప్పటికీ వాడుతున్నారు. అందమైన ముఖానికి ఆయన మొదట కొలతగా పెట్టుకున్నది అపోలో బెల్వెడేర్ అనే పాలరాతి విగ్రహాన్ని. దూది ఏకే ఇంట్లో పుట్టినదాని దవడకి ఆ రాతిబొమ్మతో ఏం చుట్టరికం?

చిన్నది చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నది మాకిప్పటికీ చెవుల్లో ఉంది. "నవ్వినవాళ్ళ కోసమే కావచ్చు. ముప్పై ఏళ్ళయింది, వాళ్ళేది నేనేది విడదీయడం నావల్ల కావట్లేదు. కానీ జాతి అస్తిత్వం మోసే పని నా పళ్ళకి ఎవరిచ్చారు? బయటివాళ్ళు బుర్ఖా తీయమంటారు, లోపలివాళ్ళు వేసుకోమంటారు. ఇప్పుడు మీరు సందు ఉంచుకోమంటున్నారు. మగవాళ్ళ గడ్డాల్లో నెరిసినదానికి రంగేసుకుంటే ఇంత చర్చ జరిగిందా?"

నడిపిది జవాబు చెప్పలేదు. ఒప్పుకోనూ లేదు. ఇది రాసేటప్పుడు కూడా, వాళ్ళదేదో తనదేదో విడదీయలేనప్పుడు ఏమీ చేయకుండా ఆగడమే నిజాయితీ అంది. అలా ఆగితే ముసలితనం వస్తుందంతే అంది చిన్నది. ఇద్దరి మాటా ఇక్కడ రాశాం.

చివరికి పెట్టించుకుంది. నలభై ఐదు వేలు, దాని సంపాదనే. పైపళ్ళకి ఒక్కోదానికి చిన్న ఇనుపబిళ్ళ అంటించి వాటి మీదుగా సన్నతీగ లాగారు. మేం పన్ను అంటే గోడలో మేకు లాంటిదనుకున్నాం. కాదట. పన్నుకీ ఎముకకీ మధ్య సన్నటి నారలాంటి పొర ఉంటుంది, పన్ను దాన్లో వేలాడుతుంటుంది. తీగ నెమ్మదిగా నెడుతుంటే పన్ను పోయే వైపు ఎముక కరుగుతుంది, వదిలొచ్చిన వైపు కొత్త ఎముక కడుతుంది. నెలకి ఇంచుమించు ఒక మిల్లీమీటరు. ఇది వినగానే పెద్దది కూడా కాసేపు ఆలోచనలో పడింది. కరగడమూ కట్టుకోవడమూ ఆ ఎముకలో పెట్టినవాడు ఎవరు? తీగ చేసింది నెట్టడమే కదా. అయినా పెద్దది తన మాట మార్చుకోలేదు. తప్పే అంటుంది, తహజ్జుద్‌లో చిన్నదాని కోసం దువా చేస్తానంటుంది. గుసుల్‌లో పుక్కిలించడం ఫర్జ్ కదా, బిళ్ళ కింద నీళ్ళు చేరవే అని భయపడి తనే ఎవరినో అడిగింది. ఊడదీయడానికి వీల్లేనిది కాబట్టి పైన నీళ్ళు తగిలితే చాలన్నారట. ఆ ఫోన్ చేసినప్పుడు దాని గొంతులో మాకంటే ఎక్కువ సంతోషం వినబడింది.

మొదటి వారం చిన్నది గంజి తాగింది. రంజాన్‌లో సహరీకి గట్టి రొట్టె మానేసింది. మిస్వాక్ ఆ తీగల మధ్య తిరగక సన్నటి బ్రష్షు కొనుక్కుంది. బడిలో పిల్లలు మేడమ్ నోట్లో సైకిల్ చైనుందన్నారట. అప్పుడు కూడా చెయ్యి అడ్డం పెట్టుకుందట. ఆ సంగతి అదే చెప్పింది మాకు, తల వంచుకుని. పళ్ళు ఎంత జరిగినా ఆ చెయ్యి ఇంకా దిగలేదు.

అమ్మ మాత్రం చాలాకాలం దాని ముఖం చూడలేదు. మతం గురించి ఒక్క మాట అనలేదు అమ్మ. "నా నోరు నీకు పనికిరాకుండా పోయిందా" అంది ఒకసారి, అంతే. ఆ మాటకి మాలో ఎవరి దగ్గరా హదీసు లేదు, కవితా లేదు.

మొన్న డాక్టరమ్మ దగ్గరికి అమ్మని కూడా తీసుకెళ్ళాం. సందు ఇప్పుడు దారం పట్టేటంత ఉంది. క్లిప్పులు తీసేశాక పళ్ళ వెనక సన్నతీగ ఒకటి అంటిస్తామని, అది ఎప్పటికీ ఉంచుకోవాలని ఆమె చెప్పింది. ముందుపళ్ళ సందు మొండిది, తీగ లేకపోతే మళ్ళీ విడిపోతుందంది. అమ్మ కుర్చీలో ముందుకి జరిగింది.

"మళ్ళీ వస్తుందా?"

"చూసుకోకపోతే వస్తుందమ్మా."

అమ్మ చిన్నదాని వంక చూసి నోరంతా తెరిచి నవ్వింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.