కాయకమునకు గట్టు ఎక్కడ?

శ్రమకు పూజతో సమానమైన స్థానము నొసగినది శరణమార్గము. చెమటోడ్చి ఆర్జించినదియే పవిత్రమని మన పెద్దలు బోధించిరి. అట్లయిన, చెమటోడ్చి చేసిన ప్రతి పనియు కాయకమగునా? ఈ ప్రశ్నకు కొల్లేరు ఒక పాఠము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ నున్న ఈ సరస్సు బుడమేరు, తమ్మిలేరు, రామిలేరుల నీటిని తనలో నింపుకొని, ఉప్పుటేరు ద్వారా సముద్రమునకు విడుచును. వానకాలమున విస్తరించుట, వేసవిలో కుంచించుకొనుట దాని స్వభావము. వేసవిలో బీడువలె కనిపించు ఆ నేల నిజమునకు వరదనీటి నివాసము.

ఆ నేలపై చేపల చెరువుల గట్లు లేచినవి. గట్టు వేసినవాడు సోమరి కాడు. 1970వ దశకమున ప్రభుత్వమే మత్స్యకారుల సంఘములకు చెరువులకై భూమి నిచ్చినది. పిమ్మట పెట్టుబడిదారులు చేరిరి; గట్లు పెరిగినవి. 1999లో అయిదడుగుల కాంటూరు లోపలి భాగమును అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో సరస్సు రాంసర్ జాబితాలో చేరినది. 2006లో అనేక చెరువుల గట్లను తెగగొట్టిరి. నాడు ధనికుని లాభము తగ్గినది. కూలివానికి మాత్రము కూడే కరవైనది.

కాయకమునకు జంట దాసోహము. దాసోహమనగా ఉన్నదానిని పంచుట మాత్రమే కాదు. పరుల భాగమును ముట్టకుండుట కూడ. గట్టు వేసినంతమాత్రమున నీరు మాయము కాదు, పొరుగువాని వాకిటికి పోవును. సరస్సులో మంచినీరు తగ్గినచో ఉప్పుటేటి గుండ సముద్రపు ఉప్పునీరు ఎగబ్రాకును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో పెక్కు వాడలు మునిగినప్పుడు, నీటి దారి యెంత విలువైనదో అందరును చూచిరి.

సర్కారు అనుమతి యున్నది గదా యని కొందరందురు. అనుమతి శిక్షనుండి కాపాడును. అంతమాత్రమున పని కాయకము కాజాలదు. "నా శ్రమ యెవరి నీటిని, యెవరి కూటిని తొలగించి నిలిచినది?" అని తన్ను తాను ప్రశ్నించుకొనువాని పనియే కాయకము. అట్లే, గట్టు తీయుమని శాసించు సమాజము ఆ కూలివానికి వేరొక పని చూపక తప్పదు. చూపనిచో ఆ సమాజమును దాసోహము తప్పినదే యగును.

పాదోదకమును భక్తితో స్వీకరించు వీరశైవునకు నీరు కేవలము సరకు కాదు. మఠములు, గృహస్థులు తమ ఊరి చెరువునకు, వాగునకు గల హద్దు నెరిగి, దానిని దాటకుండుటయే ఈనాటి లింగపూజలో ఒక భాగము కావలెను.