వయసొచ్చింది, నన్నే అడగండి

దివ్యసత్ప్రసాదం వేళకు మా బెంచీలో వాళ్లంతా లేస్తారు. నేను మోకాళ్లు పక్కకు తిప్పి దారి ఇస్తాను. చంటిపిల్లను ఎత్తుకున్న తల్లి, చేతికర్ర ఊతంగా తాతగారు, ఒక్కొక్కరే నన్ను దాటి వరసలోకి వెళ్తారు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి నేను కూర్చునే ఉంటాను. ఆ కాసేపూ నన్ను నేను నిలదీసుకుంటాను: నాకు కావలసింది క్రీస్తా, ఆ వరసలో చోటా?

చేరతానని వెళ్తే విచారణ గురువులు తొందరపెట్టలేదు. ముందు రమ్మన్నారు, వినమన్నారు, అడగమన్నారు. తొలి శతాబ్దాల్లో పెద్దవాళ్లు ఏళ్ల తరబడి ఇలాగే సిద్ధపడేవారట. ఆ పద్ధతిని మళ్లీ తెమ్మని రెండో వాటికన్ మహాసభ 1963లో చెప్పింది, 1972లో క్రమం వెలువడింది. ఉపదేశం, తపస్కాలం మొదట్లో పీఠాధిపతుల ఎదుట ఎన్నిక, పాస్క జాగరణ రాత్రి జ్ఞానస్నానం, భద్రమైన అభ్యంగనం, సత్ప్రసాదం. ఎక్కడైనా ఆగిపోవచ్చు, వెనక్కి వెళ్లిపోవచ్చు. నా మనసును పట్టింది ఆ స్వేచ్ఛే.

తపస్కాలం మూడు, నాలుగు, ఐదో ఆదివారాల్లో మాలాంటివాళ్ల కోసం ప్రత్యేకంగా ప్రార్థిస్తారు, లోపల దాగినది బయటపడి నయం కావాలని. సమరియ స్త్రీ, పుట్టుగుడ్డివాడు, లాజరు: ఇవే ఆ సువిశేష పఠనాలు. నా మనసు ఆ పుట్టుగుడ్డివాడి తల్లిదండ్రుల దగ్గర ఆగిపోయింది. కొడుక్కి చూపెలా వచ్చిందని అడిగితే, వెలివేస్తారన్న భయంతో, వాడికి వయసొచ్చింది వాణ్నే అడగండని తప్పుకుంటారు. మా అమ్మా అదే అంది. "నలభై దాటినదానివి, నేనేం చెప్పనే?" అంది, కుందిలో వత్తి సర్దుతూ. ఆమెది భయం కాదు, బాధ. ఇతర మతాల్లో సత్యమూ పవిత్రమూ అయినదేదీ తోసిపుచ్చనని శ్రీసభ 1965లో ప్రకటించింది. అమ్మ దీపాన్ని చిన్నచూపు చూసి నేను వెళ్లనక్కర్లేదు.

నాన్న పోయినప్పుడు ఇంట్లో దేవుళ్లందరి మీదా కోపం వచ్చింది. ఆ కోపమే ఇక్కడికి తెచ్చిందా? కొంత తెచ్చింది, కాదనను. కానీ కోపం ఇన్ని ఆదివారాలు కూర్చోబెట్టదు. కూర్చోబెట్టింది, దేవుడే సిలువ మీద మనలా చనిపోయాడన్న మాట.

ఇక సమాధిలోంచి లేచిన లాజరు. నాన్న అస్థికలు రాజమండ్రిలో గోదావరిలో కలిపాం. శరీరం తిరిగి లేస్తుందని నేను నమ్మగలనా? ఫాదర్‌గారిని అడిగాను. దహనానికి శ్రీసభ 1963 నుంచి అనుమతిస్తోందని, మట్టితో మనిషిని చేసినవాడికి బూడిద అడ్డం కాదని చెప్పారు. బుద్ధికి ఆ జవాబు చాలింది, మనసుకు ఇంకా చాలలేదు. జాగరణ రాత్రి అందరి ముందూ ఆ ప్రశ్న వేస్తారు, నమ్ముతున్నానని చెప్పాలి. నాన్నను తలచుకుని చెప్పగలగాలి. అప్పటికి చెప్పలేకపోతే వచ్చే పాస్క దాకా ఆగుతానని ఫాదర్‌గారికి చెప్పేశాను.